యోగ్యతాపత్రం – గుండె సాక్ష్యం

తెలుగు నుడికారంలో గుండెకు ఉన్నంత చోటు మరొక అవయవానికి లేదు. ధైర్యవంతునిది నిబ్బరమైన గుండె, పిరికివానికి గుండె జారుతుంది, దుఃఖం ముంచుకొనివస్తే గుండె చెరువవుతుంది, దయలేనివానిది రాతిగుండె, జంకూ గొంకూ లేనివాడు గుండెలు తీసిన బంటు. ఈ పలుకుబళ్లన్నిటిలోను గుండె అనగా మనసే గాని, నిమిషానికి సుమారు అయిదు లీటర్ల నెత్తురును తోడిపోసే కండరం కాదు. రోజుకు లక్షసార్లు ముడుచుకొని విచ్చుకొనే ఆ కండరం సంగతి మనిషికి గుర్తుకు వచ్చేది సాధారణంగా అది మొరాయించిన నాడే. అంతకు ముందుగా దానిని గురించి ఒకరు అడగటం, ఒకరు వినటం అనేది సామాన్యుని జీవితంలో తటస్థించే సందర్భం చాలమందికి ఒక్కటే – దూరదేశపు కొలువు కోసం జరిగే వైద్యపరీక్ష.

మెట్టసీమ నుంచి సముద్రానికి

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలు ఉమ్మడి చిత్తూరు జిల్లాకు పడమటి భాగం. సముద్రమట్టానికి రెండువేల అడుగులకు పైబడిన మెట్టసీమ అది. ఏడాది పొడుగునా పారే నది లేదు. చెరువూ, బావీ, గొట్టపుబావీ దిక్కు; టమాటా, వేరుసెనగ, మల్బరీ, పాడి బ్రతుకుతెరువు. పుంగనూరు పొట్టి ఆవు కొద్దిపాటి మేతతో బ్రతకనేర్చినట్లే ఆ సీమ రైతు కొద్దిపాటి వానతో బ్రతకనేర్చినాడు. ఆ కొద్ది వానా తప్పిన ఏళ్లలో మాత్రం ఇంటిలో ఒకరు ఊరు విడువక తప్పదు. కొందరు బెంగుళూరు దారి పడతారు. కొందరు కువైటు మొదలైన గల్ఫ్ దేశాలకు వలసపోతారు. చదువుకొన్న యువకులలో కొందరి చూపు ఓడలమీదికి, సముద్రం నడుమ నిలిచిన చమురు వేదికలమీదికి పోతుంది.

ఎటు పోయినా దాటవలసిన మొదటి గడప వైద్యపరీక్షయే. గల్ఫ్ దేశాలకు పోదలచినవాడు ఆ దేశాలు గుర్తించిన వైద్యకేంద్రంలో రొమ్ముకు ఎక్స్‌రే తీయించుకోవాలి, రక్తం ఇవ్వాలి. క్షయ ఉన్నదా, కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ ఉన్నదా, ఎయిడ్స్ క్రిమి ఉన్నదా అని చూస్తారు. ఓడ ఎక్కేవానికి వేరే కట్టుబాటు ఉన్నది. 2006 నాటి అంతర్జాతీయ సముద్ర కార్మిక ఒడంబడిక ననుసరించి నావికుని వైద్య యోగ్యతాపత్రం రెండేళ్లకు మించి చెల్లదు. పదునెనిమిదేళ్లు నిండనివానికి ఒక్క ఏడాదే గడువు. భారతదేశం ఈ ఒడంబడికను 2015లో ఆమోదించినది. బ్రిటిషు తీరానికి ఆవల ఉత్తర సముద్రంలోని చమురు వేదికలకు పోయేవారి పత్రానికి కూడ గరిష్ఠకాలం రెండేళ్లే.

ఇంత పట్టింపు ఎందుకో తెలియాలంటే ఆ పనిచోటు ఎట్టిదో తెలియాలి. అరేబియా సముద్రంలో బొంబాయి తీరానికి దూరాన 1974లో చమురు బయటపడినది. కృష్ణా గోదావరి నదుల ముఖద్వారాలకు ఎదురుగా లోతునీటిలో 2002లో గొప్ప సహజవాయు నిక్షేపం కనిపించినది. 2009లో ఆ వాయువు కాకినాడ తీరానికి చేరనారంభించినది. ఇట్టి చోట్ల పనివానికి కాలిక్రింద నేల ఉండదు. ఇనుపకాళ్లమీద నిలిచిన వేదికయో, తేలే ఓడయో అతనికి ఊరు. పన్నెండేసి గంటల వంతు. వారాల తరబడి అక్కడే నివాసం. రోజుకు ఎన్నోమార్లు ఎక్కి దిగవలసిన నిట్టనిలువు ఇనుపమెట్లు. ఒకవైపు ఎండ, మరొకవైపు యంత్రాల వేడి, చెవులు చిల్లులుపడే మ్రోత. జబ్బుచేస్తే చూచేందుకు చిన్న వైద్యపుగది ఉంటుంది. అంతకు మించిన చికిత్స కావలసివస్తే హెలికాప్టరు రావాలి. హెలికాప్టరు రావాలంటే గాలీ వానా అనుమతించాలి. గుండెపోటు వచ్చినవానికి ప్రతి నిమిషమూ ప్రాణమే. అందునా ఆ క్షణంలో అతడు బరువులెత్తే యంత్రం నడుపుతూ ఉంటే, అతని ప్రాణంతోపాటు క్రింద నిలిచినవారి ప్రాణాలు కూడ పోవచ్చును.

కనుకనే అట్టి కొలువుకు పోయేవాని కంటిచూపు, రంగుల గుర్తింపు, వినికిడి, ఊపిరితిత్తుల బలం, బరువు, రక్తపోటు, రక్తంలోని చక్కెర, గుండె విద్యుల్లేఖనం – ఇవన్నీ చూస్తారు. వయసు పైబడినవారిని, అనుమానం ఉన్నవారిని కదిలే పట్టామీద నడిపించి గుండె శ్రమకు ఎట్లా తట్టుకొనునో పరికిస్తారు. బ్రిటిషు సముద్రంలో 2015 నుంచి భుజాల వెడల్పు కూడ కొలుస్తున్నారు. హెలికాప్టరు నీళ్లలో పడితే దాని కిటికీలోనుంచి ఆ మనిషి బయటపడగలడో లేదో ముందే తేల్చుకొనేందుకే ఆ కొలత.

పత్రం చెప్పేది, చెప్పనిది

ఈ పరీక్ష లన్నిటి వెనుకనున్న ప్రశ్న ఒక్కటే: ఈ మనిషి, ఈ పనిని, ఈ చోట, ఈ గడువులో, తనకూ ఇతరులకూ ముప్పు లేకుండ చేయగలడా? వైద్యుడు ముద్రవేసి ఇచ్చే పత్రం ఆ ప్రశ్నకు మాత్రమే జవాబు. ‘నీ గుండెకు ఏ జబ్బూ లేదు, ఇక రాదు’ అని ఆ పత్రం ఎక్కడా చెప్పదు. కాని దానిని అందుకొన్నవాడు చదువుకొనేది తరచుగా ఆ చెప్పని మాటనే. కాగితాన్ని కళ్లకద్దుకొని పెట్టెలో దాచుకొంటాడు. దానిలో రాసిన అంకెలను మరచిపోతాడు. అపాయం అక్కడ మొదలవుతుంది.

గుండె పనిచేసే తీరు తెలిస్తే ఈ సంగతి స్పష్టమవుతుంది. నెత్తురు గుండెలోనుంచి బయలుదేరి దేహమంతా తిరిగి మరల గుండెకే చేరుతుందని 1628లో విలియం హార్వే అనే ఆంగ్ల వైద్యుడు నిరూపించినాడు. అయితే ఊరందరికీ వడ్డించే వంటవాడు తాను వేరే విస్తరిలో తిన్నట్లు, గదుల నిండా నెత్తురున్నా గుండె కండరం ఆ నెత్తురును నేరుగా అనుభవించదు. మహాధమని మొదట్లో చీలి గుండెపైన అల్లుకొనే రెండు సన్నని ధమనులే దానికి ఆహారం. వాటి లోపలి గోడలో ఏళ్ల తరబడి కొవ్వు చేరుతుంది. చెరువు తూములో పూడిక పేరినట్లు దారి ఇరుకవుతుంది. దారి బాగా ఇరుకైనప్పుడు, మెట్లెక్కితే రొమ్ములో నొప్పి, ఆగితే ఉపశమనం – ఇది ఒక రకం హెచ్చరిక.

కాని ప్రాణంతీసే గుండెపోటు ఎల్లప్పుడు ఈ హెచ్చరిక ఇచ్చి రాదు. దారిని సగమైనా మూయని కొవ్వుగడ్డ ఒకటి అకస్మాత్తుగా చిట్లవచ్చును. చిట్లినచోట నెత్తురు గడ్డకట్టి నిమిషాలలో ధమనిని మూసివేస్తుంది. తూము పూడికవల్ల గాక, గట్టు తెగి పడిన మట్టిపెళ్లవల్ల మూసుకొన్నట్లు. నిన్నటిదాక బరువులు మోసినవాడు నేడు కూలిపోవటానికి కారణం ఇదే. ఎక్స్‌రే చిత్రంలో గుండె నీడ కనిపిస్తుంది గాని ఈ ధమనుల లోపలి సంగతి కనిపించదు. డచ్చి శాస్త్రజ్ఞుడు విలెం ఐంథోవెన్ ఇరవయ్యో శతాబ్ది తొలి ఏళ్లలో రూపొందించి, 1924లో నోబెల్ బహుమానం పొందిన గుండె విద్యుల్లేఖనం మహత్తరమైన సాధనమే. అది జరిగిన గాయాన్ని, జరుగుతున్న ఆపదను పట్టి ఇస్తుంది. లయ తప్పిన కొట్టుకోలును చూపుతుంది. విశ్రాంతిగా పడుకొన్నవాని లేఖనం మాత్రం లోపల కొవ్వుగడ్డ ఉన్నా నిర్దోషంగా ఉండవచ్చును.

అయితే ఈ పరీక్ష లన్నీ వ్యర్థమా? కాదు. ముద్రను చూచి మురిసిపోక, అంకెలను చదువుకొన్నవానికి అవి దారిదీపాలు. రక్తపోటు ఎంత? చక్కెర ఎంత? కొలెస్టరాల్ ఎంత? నడుము చుట్టుకొలత ఎంత? పొగాకు అలవాటు ఉన్నదా? తండ్రికో అన్నకో చిన్నవయసులో గుండెజబ్బు వచ్చినదా? ఇవి రేపటి ముప్పును చెప్పే ప్రశ్నలు. ఈ ప్రశ్నలు అడగాలని వైద్యలోకం నేర్చుకొన్న కథలో మదనపల్లెకు ఒక విచిత్రమైన జోడు ఉన్నది.

రెండు ఊళ్లు, ఒకే పాఠం

మదనపల్లె సమీపంలోని ఆరోగ్యవరం 1915లో క్షయరోగుల ఆశ్రమంగా వెలిసినది. ఆ మెట్టసీమ పొడిగాలి రోగులకు మేలుచేయునని క్రైస్తవ మిషనులు కలిసి దానిని స్థాపించినవి. డెన్మార్కు దేశస్థుడైన డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ తొలినాళ్లలో దానికి సారథి. దక్షిణదేశపు మూలమూలలనుంచి రోగులు అక్కడికి చేరేవారు. భారతదేశంలో క్షయనివారణకు బి.సి.జి. టీకా 1948లో తొలుత చిన్న పరిమాణంలో ప్రారంభమైనది మదనపల్లెలోనే. అటుపిమ్మట యోహానెస్ ఫ్రిమోట్ మోలర్ నాయకత్వంలో, 1950 నుంచి 1955 వరకు మదనపల్లె పట్టణంలోను చుట్టుపట్ల పల్లెలలోను వైద్యబృందాలు తిరిగి, జబ్బు ఉన్నవారికీ లేనివారికీ కూడ రొమ్ము ఎక్స్‌రేలు తీసినవి. ఆ పరిశోధన ఫలితాలు 1960లో ప్రపంచ ఆరోగ్యసంస్థ పత్రికలో వెలువడినవి. రోగి వచ్చేదాక ఎదురుచూడక, ఆరోగ్యవంతుని గడపకు వైద్యుడే పోయి చూడటమన్నది అందులోని విశేషం.

సరిగా ఆ 1948వ సంవత్సరంలోనే, అమెరికాలో మసాచుసెట్సు రాష్ట్రంలోని ఫ్రేమింగ్‌హామ్ అనే చిన్నపట్టణంలో మరొక పరిశోధన మొదలైనది. ఆ పట్టణానికి పూర్వచరిత్ర ఒకటి ఉన్నది: 1917 నుంచి 1923 వరకు అక్కడ కూడ ఊరంతటిమీద క్షయరోగ నివారణ ప్రయోగం జరిగినది. ఊరివారికి వైద్యపరీక్షలు కొత్తగావు. ఈసారి వెదకిన శత్రువు గుండెజబ్బు. అంతకు మూడేళ్ల క్రితం, 1945లో, అధ్యక్షుడు రూజ్వెల్టు మెదడులో నెత్తురు చిమ్మి మరణించినాడు. ఆయన రక్తపోటు ఏళ్ల తరబడి పెరుగుతూ వచ్చినా, వయసుతోపాటు రక్తపోటు పెరగటం సహజమేనని ఆనాటి వైద్యులు పలువురు నమ్మేవారు. ఫ్రేమింగ్‌హామ్‌లో 5,209 మంది స్త్రీపురుషులను ఎన్నుకొని, వారిని రెండేళ్లకొకసారి పరీక్షిస్తూ, ఎవరికి గుండెజబ్బు వచ్చునో, ఎవరికి రాదో ఓపికగా లెక్కవేసినారు. హెచ్చు రక్తపోటు సహజం కాదనీ, అది గుండెకూ మెదడుకూ శత్రువనీ, పొగాకు, కొలెస్టరాల్, మధుమేహం దానికి తోడుదొంగలనీ అక్కడ తేలినది. రోగం పుట్టకముందే దాని జాడను చెప్పే ఇట్టి లక్షణాలకు ‘ముప్పు కారకాలు’ అనే అర్థంగల పేరు 1961లో ఆ పరిశోధకుల వ్యాసంతోనే వ్యాప్తిలోకి వచ్చినది.

ఒక ఊరు క్షయను గురించి, ఒక ఊరు గుండెను గురించి లోకానికి నేర్పిన పాఠం ఒక్కటే. రోగిని మాత్రమే చూచే వైద్యం రోగం సగం కథనే చూస్తుంది. తక్కిన సగం ఆరోగ్యంగా ఉన్నాననుకొనేవాని దేహంలో ఉన్నది.

2004లో వెలువడిన మరొక పరిశోధన 52 దేశాల రోగులను పరికించి, తొలి గుండెపోట్లలో దాదాపు తొంభై పాళ్లకు తొమ్మిది కారణాలే మూలమని చూపినది: పొగాకు, కొలెస్టరాల్ దోషం, రక్తపోటు, మధుమేహం, బానపొట్ట, మనోవ్యథ, పండ్లూ కూరగాయలూ తక్కువగా తినటం, వ్యాయామం లేకపోవటం, మద్యపానానికి సంబంధించిన అలవాటు. ఆ పరిశోధనలోనే దక్షిణాసియావారికి తొలి గుండెపోటు ఇతరులకంటె సుమారు ఆరేళ్లు ముందుగా, మధ్యస్థంగా 53 ఏళ్ల వయసులో వచ్చుచున్నదని కనిపించినది. బిడ్డల చదువులు, పెళ్లిళ్లు ఇంకా ముందున్న వయసది.

ఆరోగ్యవరం కథ కూడ ఈ మార్పునే సూచిస్తుంది. స్ట్రెప్టోమైసిన్ వంటి మందులు వచ్చిన తరువాత, ఇంటివద్ద మందు తీసుకొన్నవారు కూడ ఆశ్రమంలో ఉన్నవారితో సమానంగా కోలుకొందురని 1956లో మద్రాసులో ప్రారంభమైన పరిశోధన నిరూపించినది. క్షయాశ్రమాల అవసరం తగ్గినది. ఆరోగ్యవరం అన్ని జబ్బులకూ చికిత్సచేసే వైద్యశాలగా రూపొందినది. క్షయ నేటికీ పోలేదు. కాని దానికి మించిన మృత్యువు మరొకటి దాపురించినది. ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్కల ప్రకారం 2019లో గుండె, రక్తనాళాల జబ్బులవల్ల లోకంలో సుమారు 1 కోటి 79 లక్షల మంది మరణించినారు. ఆ ఏటి మొత్తం మరణాలలో ఇది దాదాపు మూడోవంతు.

దాచినవానికే నష్టం

వైద్యపరీక్ష కొలువుకు గడప అయినప్పుడు దానిని దొంగచాటుగా దాటాలనే బుద్ధి పుట్టటం సహజం. అప్పుచేసి ప్రయాణానికి సిద్ధపడినవాడు తన తండ్రి గుండెపోటుతో పోయినాడని చెప్పటానికి జంకుతాడు. పరీక్ష నాటికి మాత్రం ఎవరివో మాత్రలు మ్రింగి రక్తపోటు దించుకొనేవారు ఉన్నారు. రొమ్ములో అప్పుడప్పుడు వచ్చే బిగువును ‘గ్యాసు’ అని తమకు తామే చెప్పుకొనేవారు ఉన్నారు. వారిని నిందించటం సులభం. వారి వెనుకనున్న అవసరాన్ని చూడటం కష్టం. ఎండిన పొలమూ, వడ్డీ కాగితమూ వారిచేత ఆ పని చేయిస్తున్నవి.

అయినా నిజం చెప్పక తప్పదు. మందుతో అదుపులో ఉన్న రక్తపోటు చాల కొలువులకు అడ్డుకాదు. కొంతకాలం ఆగి, చికిత్స పొంది, మరల పరీక్షకు రమ్మనటమే తరచు జరిగేది. దాచిన రక్తపోటు మాత్రం వైద్యుని కన్నుకప్పగలదు గాని ధమని కన్నుకప్పలేదు. నడిసముద్రంలో పడిపోయినవానికి పత్రంమీది ముద్ర తోడురాదు. ‘అయోగ్యుడు’ అనే మాటలో అవమానమేమీ లేదు. ఆ మాట ముందుగా వినిపించి, దానిని పట్టుకొని చికిత్స పొందినవానికి, అది జీవితంలో విన్న మేలైన మాటలలో ఒకటి కావచ్చును. కాని అట్లా కావాలంటే, ‘అయోగ్యుడు’ అని పంపివేయటంతో వైద్యకేంద్రం బాధ్యత తీరిపోరాదు. కారణమేమో, ఎక్కడ చూపించుకోవాలో అతనికి అర్థమయ్యే తెలుగులో చెప్పాలి. తిరస్కరించిన కాగితంతోపాటు ఆ నాలుగు మాటలు లేనప్పుడు, పరీక్ష యజమానికి రక్షణ అవుతుంది గాని మనిషికి కాదు.

బడి చేయగల పని

ఈ విషయంలో పల్లెటూరి ఉపాధ్యాయునికి ఉన్న అవకాశం గొప్పది. అయిదు మొదలు పదిహేనేళ్ల పిల్లలలో గొంతునొప్పి తెచ్చే స్ట్రెప్టోకాకస్ అనే క్రిమి ఉన్నది. చికిత్స లేక వదలివేస్తే, రెండు మూడు వారాల తరువాత కొందరికి జ్వరమూ, ఒకదాని వెంట ఒకటిగా కీళ్ల వాపులూ వస్తవి. రుమాటిక్ జ్వరమనే ఈ జబ్బు కీళ్లను విడిచిపోతుంది గాని గుండె కవాటాలను చెడగొట్టి పోతుంది. సకాలంలో పెన్సిలిన్ ఇస్తే దీనిని నివారించవచ్చును. ఒకసారి వచ్చినవారికి మూడు నాలుగు వారాల కొకసారి, ఏళ్ల తరబడి పెన్సిలిన్ సూది వేయించి మరల రాకుండ కాపాడవచ్చును. ఆటల గంటలో తోటివారికంటె ముందుగా ఆయాసపడి కూర్చుండిపోయే పిల్లను సోమరి అనక, ఒకసారి వైద్యునికి చూపించమని తల్లిదండ్రులకు చెప్పే ఉపాధ్యాయుడు ఒక ప్రాణాన్ని నిలిపినవాడవుతాడు. కుప్పంలో నేడు వైద్యకళాశాల ఆస్పత్రి ఉన్నది; తిరుపతిలో పిల్లల గుండెజబ్బులకే ప్రత్యేకించిన ఆస్పత్రి 2021లో వెలిసినది. వెనుకటి తరానికి లేని వసతులివి. వాటి దారి చూపేవాడే కావాలి.

పెద్ద తరగతుల విద్యార్థులు నేర్వదగినవి మరి రెండున్నవి. రొమ్ము నడుమ నొక్కివేసినట్లు నొప్పి, అది ఎడమచేతికో దవడకో ప్రాకటం, చల్లని చెమట, ఆయాసం – ఇవి గుండెపోటు గుర్తులు. స్త్రీలలోను, మధుమేహం ఉన్నవారిలోను నొప్పి లేకుండ ఆయాసమూ నీరసమూ మాత్రమే కనిపించవచ్చును. అట్టివేళ సోడా త్రాగించి కాలయాపన చేయక, 2005 నుంచి ఈ రాష్ట్రంలో నడుస్తున్న 108 వాహనాన్ని పిలవాలి. మనిషి స్పృహతప్పి, ఊపిరి ఆగితే, రొమ్ము నడిమి ఎముకపై రెండుచేతులూ మోపి, అయిదు సెంటీమీటర్ల లోతు దిగేటట్లు, నిమిషానికి నూరు నుంచి నూటఇరవై సార్లు వంతున, సహాయం వచ్చేదాక నొక్కాలి. చమురు వేదికమీద పనివానికి తప్పనిసరిగా నేర్పే ఈ విద్య పదోతరగతి పిల్లలకు నేర్పరానిది కాదు.

ఇంటనున్నవారి మాట

ఓడ ఎక్కేవానికి రెండేళ్లకొక పరీక్ష ఉన్నది. విమానమెక్కి కువైటు పోయేవానికి బయలుదేరేముందు ఒక పరీక్ష ఉన్నది. వానిని సాగనంపి ఇంటనున్న తల్లికి ఏ పరీక్షా లేదు. తెల్లవారుజామున పాలుపితికి, పగలంతా టమాటా తోటలో వంగి, రాత్రి రాగిసంగటి కెలికే ఆ తల్లి రక్తపోటు ఎంతో ఆమెకు తెలియదు; అడిగినవారు లేరు. ఊరిబిండిలోను ఊరగాయలోను ఉప్పు కొంచెం తగ్గించమని – రోజుకు మనిషికి అయిదు గ్రాములలోపు చాలునని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పే మాట – ఆమె చెవినివేసినవారు లేరు. రచ్చబండమీద బీడీ వెలిగించే తండ్రిని ఏ యజమానీ పరీక్షకు పిలవడు.

రక్తపోటు కొలవటానికి పట్టేది అయిదు నిమిషాలు. 140కి 90 దాటిన అంకె మరల మరల కనిపిస్తే అది చికిత్స కోరే అంకె అని తెలుసుకొనేందుకు పెద్ద చదువు అక్కరలేదు. ఊరి ఆరోగ్యకేంద్రంలో ఆ కొలత ఉచితమే. సెలవులకు ఇల్లుచేరిన విద్యార్థి తన తల్లిదండ్రులను అక్కడికి తీసుకొనిపోయి, ఆ అంకెలను తన నోటుపుస్తకంలో తేదీతోసహా రాసిపెట్టి, మరుసటి సెలవులలో మరల కొలిపించి చూడవచ్చును. డెబ్బదియేళ్లకు పూర్వం మదనపల్లె పల్లెలలో గడప గడపకూ తిరిగిన వైద్యబృందాలు చేసినది కూడ, మూలంలో, ఆ పనియే.